జానెడు సాగిన లైను

సాగింది, లైనే సాగింది, ఇంకేం కాదు, ఉప్పునీళ్లలో నానీ నానీ ఏ తాడైనా సాగుతుంది, లేకపోతే పలక మీద మనిషిని అలలపై లాక్కుపోయే ఈ కైటు, ఏడాదిగా చెప్పినమాట విన్నది, నెల్లాళ్ల నుంచి ఎడమకే ఎందుకు పోతుంది, కొత్తపట్నం ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని దేవకుమారి కైటును చేత్తో తిప్పే బార్ కుడి కొసన ఇంకో ముడి వేసింది, వేళ్లు జారాయి, పళ్లతో బిగించింది, పాడు ముడి, పాడు గాలి, నిన్న తను వెనక నుంచి బార్ పట్టి నడుపుతుండగానే ఈ కైటు పలక మీద నిలబడ్డ భవ్యను పడవల వరసకేసి ఈడ్చుకుపోలేదూ, బార్ వదిలి ఆ పిల్ల నడుం పట్టీ పట్టుకుని తను వెనక వేలాడబట్టి సరిపోయింది గానీ ఆ పిల్ల తల పడవకు తగిలుంటే, అమ్మో, గుంటూరు నుంచి తనని నమ్మి నేర్చుకోవడానికొచ్చిన పిల్ల, అదిగో ఒడ్డున మళ్లీ పట్టీ బిగించుకుంటూ ఇవాళ సరిగ్గా ఉందా అక్కా అంటోంది, ఉంటుందమ్మా, ఒక్క నిమిషం, ఆ నిమిషం ఎప్పుడో అయిపోయింది.

వలతాళ్లన్నీ నాన్న బారతోనే కొలిచేవాడు, రెండు చేతులూ బార్లా చాచితే ఒక బార, టేపెందుకే దండగ అనేవాడు, అందుకే కొన్నరోజే కైటును బార్‌కు కలిపే నాలుగు లైన్లూ అలాగే కొలిచి పెట్టుకుంది, ఒక్కోటి పన్నెండు బారలు, మొన్న కుడి లైను కొలిస్తే పైన జానెడు మిగిలింది, దొరికావే దొంగా అని ఎంత సంబరపడింది, ముడేసి పొట్టి చేసింది, అయినా ఎడమకే, ఇంకో ముడి, ఎడమకే, ఇంకొక్కసారి ఇలాగైతే వేరేవాళ్లను చూసుకుంటానని ఈ కైట్ల బడి నడిపే బాలు గారు మొహం మీదే చెప్పేశారు, ఈ పని పోతే మళ్లీ అమ్మతోపాటు మిరప కళ్లాల్లో తొడిమలు తుంచడమే, ఆ ఘాటు, ఆ దగ్గు, వద్దు ప్రభువా, ఈ ఒక్క సాయంత్రం గట్టెక్కించు, పోనీ ఎడమ లైనూ కొలిస్తే తేడా తేలిపోతుంది, ఒకటి, రెండు, కుడి భుజంలో చురుక్కుమంది, చురుక్కుమంటే అననీ, పదకొండు, పన్నెండు, జానెడు మిగిలింది.

లెక్క తప్పిందేమో, మళ్లీ, జానెడే, మిగతా రెండు లైన్లూ కొలిచింది, జానెడు, జానెడు, నాలుగూ ఒక్కలాగే ఎలా సాగుతాయి, కొలిచింది ఈ చేతులే కదా, కుడి చెయ్యి చాచింది, ఇంకా చాచింది, అంతే, అంతకు మించి రాలేదు, కురచైంది తన బారే, నెల కిందట అల విసిరికొడితే పడింది ఆ భుజం మీదే, మెడలో నరం నలిగిందమ్మా స్కానింగ్ తీయించు అని ఒంగోల్లో డాక్టరు గారంటే బెణుకేలెండి అని వచ్చేసింది, బార్ కుడి కొస తన పట్టులోంచి జారిపోతుంటే కైటు ఎడమకు పోక ఎటు పోతుంది, పాపం దాన్ని ఎన్ని తిట్లు తిట్టింది, వెళ్దామా అక్కా, గాలి బాగుంది అంటూ భవ్య వచ్చి బార్ కోసం చెయ్యి చాపింది, నిన్న ఈ పిల్లను పట్టుకున్నది కూడా ఈ చేత్తోనే, ఎలా ఆగిందో దేవుడికే తెలియాలి, చెప్పకపోతే ఇవాళ్టికి ఎవరికీ తెలియదు, ఒక్క సాయంత్రం, దేవకుమారి బార్ ఇవ్వలేదు, ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు, లైన్లు బాగానే ఉన్నాయమ్మా, పోయింది నా చెయ్యి, నువ్వు పట్టీ విప్పెయ్.