మొదటి చెయ్యి

ఈ చక్కెర మనది కాదు, పలుకు మరీ సన్నం, చాయ్‌లో పడీపడగానే కరిగిపోతుంది, షక్కర్‌నగర్ చక్కెరయితే కప్పు అడుగున కూర్చుంటుంది, చెంచాతో లేపాలి, కరాచీ దాకా వచ్చి చక్కెర పలుకు చూస్తూ కూర్చున్నానేమిటి, కూర్చున్నదీ లేదు, కప్పు పట్టుకుని కిటికీ దగ్గరికి, కిటికీ దగ్గర నుంచి పెట్టె దగ్గరికి, పెట్టెలో మడతపెట్టిన చీరలే తీసి మళ్ళీ మడతపెట్టాను, కింద వీధిలో ఒంటె బండి పోతోంది, ఒంటె మెడలో గంట, మన దగ్గర ఎడ్లకు కట్టే గంట లాంటిదే, ఈపాటికి బోధన్‌లో చెరుకు బండ్లు ఫ్యాక్టరీ గేటు నుంచి రుద్రూర్ రోడ్డు మీదికి వరస కట్టి ఉంటాయి, నా కొడుకు దాసు ఏ షిఫ్టుకు పోయాడో, అన్నం తిని పోయాడో లేదో, పక్క గదిలో పసుపు నూరుతున్నారు, ఆ రాతి చప్పుడు ఆగగానే నన్ను పిలుస్తారు, శారక్కా, నలుగుకు మొదటి చెయ్యి నీదే, మేనత్తలు పెద్దమ్మలు ఎంతమంది కూసున్నా నీ తర్వాతనే అని కుల్సుం పొద్దుటి నుంచి చెబుతూనే ఉంది, చప్పుడు ఇంకా ఆగలేదు, మెత్తగా నూరనీ, ఇంకాసేపు నూరనీ.

మొదటి చెయ్యి నాది ఎందుకంటే జరీనా పుట్టిన వానకాలం కుల్సుంకు జ్వరం పట్టింది, నిజాంసాగర్ నీళ్ళు పొలాలకు వచ్చాక దోమలూ వచ్చాయి, ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఇంటికొకరు వణికేవారు, కుల్సుంకు పాలు ఎండిపోయాయి, పక్క క్వార్టరు మాది, నా ఒళ్ళో దాసు, జరీనా నా పాలు తాగి బతికింది, కుల్సుం దాన్ని ఏనాడూ దాచుకోలేదు, షక్కర్‌నగర్‌లో ఉన్నన్నాళ్ళూ అక్కడ చెప్పింది, ఈ దేశానికి వచ్చాక ఇక్కడ చెప్పింది, నిన్న నేను ఇంట్లో అడుగుపెట్టగానే చుట్టాలందరికీ చూపించి జరీనాకు దూద్‌మా, పాలతల్లి, అంది, ఆడవాళ్ళు లేచి సలాం చేశారు, ఒకామె తన కుర్చీ నాకిచ్చి కింద కూర్చుంది, నేను తెచ్చిన దాసు ఫోటోను జరీనా అద్దానికి ఆనించి పెట్టుకుంటే ఆ కింద కూర్చున్నామె పెండ్లికూతురి గదిలో పరాయి మగవాడి ఫోటో ఏమిటని అడిగింది, కుల్సుం నవ్వి, పరాయివాడు కాదు, దూద్ భాయి, ఒక తల్లి పాలు తాగినవాళ్ళు అన్నాచెల్లెళ్ళు, వాళ్ళకు పర్దా లేదు, వాళ్ళ మధ్య నికా లేదు అంది, ఉర్దూలో అంది అందరికీ తెలియడానికి, తర్వాత నా వైపు తిరిగి తెలుగులో, ఏమే అక్కా, చాయ్ వొలకబోసినవ్, పడవల ఊగిన ఊగుడు ఇంక తగ్గలేదా అంది, అందరూ ఏం చెప్పావని అడిగితే చెప్పలేదు, తెలుగు మాట్లాడక పదహారేండ్లాయె, నాలిక తుప్పు పట్టింది, నువ్వున్న మూడు రోజులు వీళ్ళకు తెల్వకుండ మాట్లాడుకుందాం అంది.

పడవ ఊగుడు కాదు, పడవ దిగినప్పుడే మొదలైంది, రేవులో కుల్సుం భర్త రహీం భాయి నిలబడ్డాడు, తలంతా నెరిసింది, పక్కన ఒక పిల్లవాడు, నా ట్రంకు పెట్టె నా చేతిలోంచి తీసుకుని భుజాన పెట్టుకున్నాడు, వాడే పెండ్లికొడుకు, అన్వర్, ట్రాముల వర్క్‌షాపులో పని, పోలీసు ఠాణాలో పేరు రాయించడానికి బెంచీ మీద కూర్చున్నప్పుడు రహీం భాయి చెప్పాడు, శారమ్మా, ఈ పోరడు మనోడే, ఆమినా గుర్తుందా, టైమాఫీసు అజీజ్ పెండ్లాం, మీ లైన్ల చివరి ఇల్లు, ఆమె కొడుకు, ఆమె చనిపోయి చాన ఏండ్లాయె, మామ ఇంట్ల పెరిగిండు, ఈ ఊళ్ళో లక్నోవాళ్ళున్నరు, బంబయివాళ్ళున్నరు, ఎంతమందో అడిగిండ్రు జరీనాను, మేం ఎవల్నీ సూడలే, బోధన్ పోరడు దొరికిండంటే ఇంక సూసుడేంది, అని నవ్వాడు, నేనూ నవ్వాను, ఆ నవ్వు ముఖం మీద ఉండగానే పిల్లవాడు టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ, ఎక్కడిది బాబూ అని ఉర్దూలో అడిగాను, ఎందుకు అడిగాను, నాకు తెలిసే అడిగాను, తెలియదు ఖాలా, బోధన్‌లో ఎవరి గడప మీదో పడ్డానని అమ్మ అనేది అన్నాడు.

మా వెనక గడప అది, రాయి ఒక పక్క చెక్కు లేచి ఉండేది, దాసు బాపు బాగు చేయిస్తానని చేయించలేదు, అదే వానకాలం, ఆమినాకూ అదే జ్వరం, పిల్లవానికి ఏడు నెలలు, డబ్బాపాలు పడక కక్కేవాడు, వాళ్ళ అత్త మధ్యాహ్నం కునుకు తీసేవేళ ఆమినా పిల్లవాణ్ణి బురఖా కింద పెట్టుకుని మా పెరటి తలుపు దగ్గరికి వచ్చేది, గోడ పట్టుకుని నిలబడేది, వణుకుతూ, అక్కా, మా అత్తకు తెలిస్తే ఇంట్ల ఉండనియ్యది, కిరస్తానీ ఇంట్ల పాలు తాపినవా అంటది, ఎవలికీ చెప్పకు, అని నా చెయ్యి తీసి పిల్లవాని తల మీద పెట్టింది, చెప్పను అన్నాను, కుల్సుంకు కూడ చెప్పద్దక్కా, ఆమె నోట్ల నువ్వు గింజ నానది, అంది, అదీ నిజమే, కుల్సుం అప్పుడు జ్వరంలో కళ్ళు తెరవడం లేదు, జరీనా నా దగ్గరే, ఒక పక్క అది, ఒక పక్క వీడు, మా అత్త బాలవ్వ అరుగు మీద బియ్యం ఏరుకుంటూ, ఇగో ఇంకో దూడ అచ్చింది, మన లేగకేమో డబ్బ పాలు, నీ దగ్గర ఉన్నయి పాలానే, నిజాంసాగర్ కాలువనానే, అనేది, అనేదే గాని పెరటి తలుపు గడియ తీసేది కూడా ఆమే, వానలు వెనకబట్టేదాకా రోజూ, చివరి రోజు పిల్లవాడు పాకుతూ గడప దాటబోయి పడ్డాడు, నెత్తురు, పసుపు అద్దాను, అదే పసుపు, పక్క గదిలో చప్పుడు నెమ్మదించింది, లేదు, మనిషి మారింది, మళ్ళీ నూరుతున్నారు, బాలవ్వ మట్టిలో కలిసింది, ఆమినా కలిసింది, ఇక ఎరిగిన మనిషిని నేనొక్కదాన్నే, నేను నోరు మూసుకుంటే ఆ వానకాలం జరగనట్టే.

మూసుకుంటే ఏమవుతుంది, ఏమీ కాదు, రేపు నికా, ఎల్లుండి పడవ, తర్వాత మన్మాడ్‌లో చిన్న బండి, జానకంపేటలో మారితే బోధన్, మా ఆయన పేతురు స్టేషనుకు వచ్చి ఏం పెట్టిండ్రు అని అడుగుతాడు, బయల్దేరేటప్పుడే చెప్పాడు, పోయినమా, పెండ్లి సూసినమా, తిన్నమా, అచ్చినమా, అంతే, ఎవలింట్లనో పోయి పెద్దరికం చెయ్యకు అని, నా మతం కాదు, నా చట్టం కాదు, మా చర్చిలో పెండ్లి చాటింపు వేసినప్పుడు అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి అంటారు, ఎవరి పాలు ఎవరు తాగారని ఏ పాదిరి అడగడు, రక్తం వేరు, ఇల్లు వేరు, ఆ పిల్లలిద్దరికీ ఏ పాపమూ తెలియదు, మరి రుద్రూర్‌లో ఏం జరిగింది, ఆస్పత్రి తరఫున కాన్పుకు పోయాను, పక్క సాయిబుల ఇంట్లో పెండ్లి, గోరింటాకు పెట్టేవేళ నానమ్మ ఒకామె గుర్తు చేసుకుంది, ఈ పిల్లకు ఆ పిల్లవాని తల్లి పాలిచ్చిందని, పందిరి విప్పారు, ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదు, ముసలామెను ఎవరూ తిట్టలేదు, తిడితే ఒకటే తిట్టారు, ఇంత ఆలస్యంగానా చెప్పేది అని, నేను నిన్నటి నుంచీ ఆలస్యం చేస్తున్నాను, రేవులో చెప్పాల్సింది, ఠాణాలో బెంచీ మీద చెప్పాల్సింది, వాడు పక్కనే టోపీ తిప్పుకుంటూ కూర్చున్నాడు, ఎట్లా చెప్పడం, పొద్దున జరీనాకు తల దువ్వుతుంటే అద్దంలో నన్ను చూసి అడిగింది, అమ్మీ, దారిలో ఆయన మీతో బాగా మాట్లాడాడా, నేను ఆకుపచ్చ అంటే ఇష్టమని మా తమ్ముడితో చెప్పి పంపాను, వంటగది గోడలకు తానే రంగు వేశాడట, చేతులకు ఇంకా ఉందా, చూశారా, అని, చూశాను, గోళ్ళ సందుల్లో ఉంది, ఉందమ్మా అన్నాను, అది నవ్వి తల దించుకుంది, ఆ పిల్లకు తెలుగులో మూడే మాటలు వచ్చు, అక్క, అన్నం, చెరుకు, ఆ పిల్ల గోడల మీది రంగు నేను గీకెయ్యాలి, నోరు విప్పితే కుల్సుం ఏమంటుంది, సముద్రం దాటి వచ్చి నా ఇల్లు కూల్చినవా అంటుంది, అనే హక్కు ఉంది దానికి, మళ్ళీ పిలవదు, పిలిచినా ఈ రెండు దేశాలూ కాగితం ఇస్తాయో ఇవ్వవో, పదహారేండ్ల తర్వాత చూసిన పిల్లను మళ్ళీ చూడను, దాసు ఫోటో అద్దం దగ్గరి నుంచి తీసేస్తారు, చెప్పకపోతే అన్నీ ఉంటాయి, ఫోటో ఉంటుంది, ఉత్తరాలు వస్తాయి, పిల్లలు పుడితే పేర్లు రాస్తారు, పిల్లలు, దేవుడా, చెప్పనని వాడి తల మీద చెయ్యి పెట్టానే, ఆ మాటో, ఈ పిల్లలో.

చప్పుడు ఆగింది.

శారక్కా, ఏడున్నవే, దాక్కున్నవా ఏంది, అని కుల్సుం వచ్చి చెయ్యి పట్టి లాక్కుపోయింది, దాని అరచేయి పసుపు నా మణికట్టుకు అంటింది, గదినిండా ఆడవాళ్ళు, మధ్యలో పీట మీద జరీనా, పసుపు బట్టల్లో, మేనత్తలు జరిగి దారి ఇచ్చారు, ఒకామె దూద్‌మా వచ్చింది అంది, అందరూ ఆ మాట అందుకున్నారు, కుల్సుం గిన్నె పట్టుకుని నా పక్కన నిలబడింది, రాయవే అక్కా, ఏం సూస్తున్నవ్, నీ బిడ్డనే గదా, అంది, నాలుగు వేళ్ళు గిన్నెలో ముంచాను, చల్లగా ఉంది, జరీనా ముఖం పైకెత్తి కళ్ళు మూసుకుంది, పాలు తాగేటప్పుడు ఇట్లాగే మూసుకునేది, నా చీర అంచు పిడికిట్లో పట్టుకుని, ఇప్పుడూ పట్టుకుంది, అదే చెయ్యి, అవతలి పక్క వాడు కళ్ళు మూసేవాడు కాదు, తాగుతూ నన్నే చూసేవాడు, నిన్న ట్రంకు భుజాన పెట్టుకుని వెనక్కి తిరిగి చూసినట్టే, నేను ఈ గదిలో ఎవరిని, రక్తసంబంధం లేదు, మతం లేదు, దేశం లేదు, నిన్నటి నుంచి ఇచ్చిన కుర్చీలో కూర్చున్నాను, పెట్టిన సలాం తీసుకున్నాను, మొదటి చెయ్యి నాదంటే కాదనలేదు, అంతా ఆ పాల పేరు మీదే, నా మతం కాదని అప్పుడు అనలేదు, కుర్చీ దగ్గర నాదైన చట్టం నోరు విప్పాల్సిన చోట నాది కాకుండా ఎట్లా పోతుంది, పాలు ఏమీ కాదంటే ఈ వేళ్ళకు ఈ ముఖాన్ని ముట్టే పని లేదు, పాలు నిజమైతే ఇద్దరికీ నిజం, జరీనాకు తల్లినైతే వాడికీ తల్లినే, ఆమినా అత్తకు భయపడి నోరు కట్టింది గాని కొడుకును చెల్లెలికి కట్టమనలేదు, నిన్నటి నుంచి తల్లి మర్యాద తిన్నాను, తల్లి పని ఇప్పుడు వచ్చింది, వేళ్ళు గిన్నె అంచుకు తుడిచాను, జరీనా కళ్ళు తెరిచింది, చీర అంచు ఇంకా దాని పిడికిట్లోనే ఉంది, విడిపించుకోలేదు, కుల్సుం వైపు తిరిగాను, ఈ గదిలో మా ఇద్దరికే తెలిసిన మాటల్లో అన్నాను, కుల్సుం, ఆ గిన్నె కింద పెట్టు, జర లోపలికి రా, ఆమినా కొడుకుకు కూడ నేను పాలిచ్చిన.