పదకొండో నంబరు కాలరు పట్టీ

సోడా నీళ్ళలో ఉడికిన దుప్పట్లను దేవరాజులు వెదురు కర్రతో ఎత్తి పక్కనున్న సిమెంటు తొట్టిలోకి జారవిడుస్తున్నాడు. ఉదయం ఎనిమిదిన్నర. మదనపల్లెలోని ఆ ఆసుపత్రి లాండ్రీకి రెండు పెద్ద యంత్రాలు వచ్చి పన్నెండేళ్ళయినా, మొండి మరకలున్న గుడ్డలు ఇప్పటికీ అతని చేతికే వస్తాయి. యంత్రానికి గిరగిరా తిరగడం తప్ప ఇంకేమీ చేతకాదని అతని గట్టి అభిప్రాయం.

మనిషి సన్నం. మోచేతుల దాకా చర్మం ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని పాలిపోయింది, అక్కడినుంచి పైకి మామూలు నలుపు. కుడి చూపుడువేలి కొసన చిన్న నల్ల మచ్చ. అరవై ఆరేళ్ళు. పదవీ విరమణ అయింది గానీ ఆసుపత్రి వాళ్ళు పొమ్మనలేదు, అతను పోనూ లేదు.

తొమ్మిదికి తబిత వచ్చింది. ఆమె ఆ ఆసుపత్రిలోనే ఫిజియోథెరపిస్టు, ఊళ్ళోని రగ్బీ క్లబ్బుకు కార్యదర్శి కూడా. భుజాన పెద్ద సంచి.

"జెర్సీలన్నీ తెచ్చినానప్పా. ఈ పొద్దన్నా కూర్చోని సెప్పు. ఆరు గంటలకు పుస్తకం ప్రెస్సుకు పంపించాల."

క్లబ్బుకు నలభై ఏళ్ళు నిండాయి, ఆ సందర్భంగా ఆటగాళ్ళందరి పేర్లతో పుస్తకం వేస్తున్నారు. సైన్యంలో ఈ ఆట నేర్చుకుని వచ్చిన ఎబినేజరు అనే డ్రిల్లు మాస్టరు, వార్డు బాయ్‌లను, కాలేజీ పిల్లలను, టమాటా మండీలో బుట్టలు మోసేవాళ్ళను పోగేసి దాన్ని మొదలుపెట్టాడు. ఊరి వాళ్ళు దాన్ని రగ్బీ అని ఏనాడూ అనలేదు. గుడ్డు బంతి అన్నారు. పదిహేనోవాడు దొరక్క, మొదటి మ్యాచి పద్నాలుగు మందితో కుప్పం వెళ్ళి ఆడి చిత్తుగా ఓడిపోయారు. పలమనేరు, పుంగనూరు మీదుగా తిరిగొచ్చే బస్సులో గెలిచినవాళ్ళలాగా పాటలు పాడుకున్నారు. ఆ బస్సులో మట్టి జెర్సీల మూట ఒళ్ళో పెట్టుకుని దేవరాజులు కూడా ఉన్నాడు. ఆ మూట అప్పటినుంచీ అతనిదే.

క్లబ్బు రిజిస్టరును చెదలు తినేశాయి. ఎవరు ఎప్పుడు ఆడారో చెప్పాలంటే ఇప్పుడు మిగిలినవి దేవరాజులు పెట్టిన గుర్తులే. అతనికి చదువు రాదు. నల్లజీడి గింజను సూదితో గుచ్చి, ఆ రసంతో ప్రతి ఆటగాడి పేరునా జెర్సీ కాలరు లోపల ఒక గుర్తు పెట్టి, చెరగకుండా పైన సున్నం అద్దేవాడు. ఒకడికి రెండు చుక్కలు, ఇంకొకడికి అడ్డగీత, మరొకడికి కొడవలి వంపు. కొత్తవాడొస్తే పాత గుర్తు పక్కనే కొత్తది. జెర్సీ చిరిగిపోతే కాలరు పట్టీని మాత్రం కత్తిరించి కొత్త జెర్సీకి కుట్టేవాడు. జీడి గుర్తు పడందే ఆటగాడు కాడని క్లబ్బులో ఒక ఆచారమే అయిపోయింది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా దేవరాజులుకు ఛాతీ కాస్త పెరుగుతుంది.

ఇద్దరూ బల్ల మీద జెర్సీలు పరుచుకున్నారు. అతను పట్టీ మీద వేలు పెట్టి చెబుతున్నాడు, ఆమె రాసుకుంటోంది. "ఇది డానీ. మోకాలు ఇరిగి మానేసినాడు. ఇది నల్లప్ప, వాల్మీకిపురం నుంచి సైకిల్లో వచ్చేవాడు. తిండిపోతు." తడుముకోవడం లేదు. పది జెర్సీలు గంటలో అయిపోయాయి.

పదకొండో నంబరు పట్టీ మధ్యలో వేలు ఆగింది. మూడు గుర్తులు, ఒక్క గుర్తు పట్టేంత ఖాళీ, మళ్ళీ నాలుగు గుర్తులు.

"ఈడ యాల ఖాళీగా ఉండాది?" అంది తబిత.

"ఎవురూ ఆడలేదు."

"మూడేండ్లా?"

దేవరాజులు పన్నెండో జెర్సీ అందుకున్నాడు. తబిత దాని మీద చేయి పెట్టి ఆపింది.

"పుంగనూరు సుబ్రమణ్యం సారు పైన మగవాళ్ళ వార్డులో ఉండాడప్పా. ఊపిరితిత్తులు బాగా సెడిపోయినాయి. నేనే ఆయనకు ఊపిరి తీసే కసరత్తు సేయిస్తాండాను. మూడేండ్లు పదకొండో నంబరు నాదే అన్నాడు. రాస్తానంటే వద్దన్నాడు. దేవరాజులన్న సెప్తేనే రాయమ్మా, ఆయన సెప్పకుంటే నేను ఆడనట్టే అన్నాడు."

దేవరాజులు లేచి వెళ్ళి పొయ్యి మంట తగ్గించాడు. తగ్గించాల్సిన పనేమీ లేదు.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి మాట. సుబ్రమణ్యం పుంగనూరులో బట్టల షావుకారు కొడుకు. ఎర్రగా, పొడుగ్గా ఉండేవాడు, బంతి చేతికొస్తే లేడిలా పరిగెత్తేవాడు. అతనికి మొదటి గుర్తు పెట్టిన వారానికి, అందరూ బూట్లు వేసుకుంటున్న వేళ, జెర్సీ తెచ్చి దేవరాజులు ఒళ్ళో పడేశాడు. "నీ గుర్తు నా మెడ మింద వద్దన్నా. తీసెయ్" అన్నాడు. పద్నాలుగు మంది విన్నారు. దేవరాజులు నాన్న అలాంటి షావుకార్ల ఇళ్ళ వెనక గుమ్మం దగ్గరే మూట దించి, పెరట్లో నిలబడి కూలి అడిగినవాడు. ఆ నిలబడ్డం అంతా ఒక్కసారిగా దేవరాజులు కళ్ళ ముందుకొచ్చింది. ఆ రాత్రి గుర్తున్న ముక్క కత్తిరించి, తెల్ల గుడ్డ అతుకు వేశాడు. మూడేళ్ళు ఆ జెర్సీ ఉతికాడు, ఇస్త్రీ చేశాడు, ఒక్క మాట మాట్లాడలేదు. సుబ్రమణ్యం మానేశాక తర్వాతి వాడి గుర్తును మాత్రం ఆ అతుకు వదిలేసి అవతల పెట్టాడు. కోపం ఎంత ఉన్నా లెక్క తప్పడానికి మనసు ఒప్పుకోలేదు.

మధ్యాహ్నం రెండింటికి మడతపెట్టిన దుప్పట్ల బండి తోసుకుని మగవాళ్ళ వార్డుకు వెళ్ళాడు. రోజూ వెళ్ళేదే. పద్నాలుగో మంచం దగ్గర మాత్రం బండి కాస్త ముందుగానే ఆగిపోయింది.

సుబ్రమణ్యం కూర్చుని, ముందుకు వంగి, ఒళ్ళోని దిండు మీద తల ఆనించి ఉన్నాడు. అలా అయితేనే ఊపిరి ఆడుతుందట. వెన్నుపూసలు లెక్కపెట్టొచ్చు. ఆసుపత్రి చొక్కా జారి మెడ వెనక భాగం బయటికి కనిపిస్తోంది. అక్కడ, సరిగ్గా కాలరు పట్టీ తగిలే చోట, రూపాయి బిళ్ళంత నల్లటి, ముడతలు పడిన పాత మచ్చ.

దేవరాజులు చేతిలోని దుప్పటి మంచం మీద పెట్టాడు. జీడి పడని ఒళ్ళు ఎలా అవుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. తన చిన్నాన్న జీడి రసం తగిలి ముఖమంతా పొక్కులెక్కి నెల రోజులు మంచంలో పడి ఉండటం కళ్ళారా చూశాడు. ఆ రోజు ఆ సంగతి తట్టకపోవడమే వింత.

"జీడి పడదా నీకు?" అన్నాడు.

సుబ్రమణ్యం తల ఎత్తకుండానే గొంతు పోల్చుకున్నాడు. "పడదన్నా. పదైదు దినాలు సీము కారింది."

"ఆ పొద్దే సెప్పింటే?"

"నీకు తెలీకుండా ఉంటాదా అనుకొంటి." రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు. "అందురి ముందర మెడ సూపించేదానికి సిగ్గయింది. పిల్లోణ్ణి గదా. నువ్వు మాట్లాడటం మానేస్తివి. కోపమొచ్చిందని తెలిసె. ఎందుకో తెలీకపాయె."

దేవరాజులుకు ఏడుపొచ్చింది. వార్డులో అందరూ చూస్తున్నా తుడుచుకోలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు మోసిన బరువులో తన నాన్న పాలు ఎంతో, ఈ మనిషి పాలు ఎంతో విడదీయడం ఇన్నాళ్ళూ అతనికి చేతకాలేదు. ఇప్పుడు, ఈ మనిషి పాలు ఏమీ లేదని తేలిపోయింది.

"ఉండు, వస్తా" అన్నాడు.

లాండ్రీలో కూర్చుని పదకొండో నంబరు పట్టీ విప్పాడు. జీడి గింజ ముట్టలేదు. ఎర్ర దారం సూదికి ఎక్కించుకున్నాడు. కళ్ళు సరిగా ఆనక, దారం నాలుగుసార్లు తప్పింది. ఆ రోజుల్లో సుబ్రమణ్యానికి పెట్టిన గుర్తు అతనికి బాగా జ్ఞాపకమే: మూడు చుక్కలు, వాటి కింద ఒక గీత. తెల్ల అతుకు మీద ఒక్కొక్క చుక్కా కుట్టాడు. ముడి వెనకవైపుకు తిప్పి, మెడకు తగలకుండా గుడ్డ మడతలోకి నెట్టాడు. ఆ ముడి దగ్గరే పావుగంట పట్టింది.

మూడున్నరకు జెర్సీ తీసుకుని మళ్ళీ పైకెక్కాడు. సుబ్రమణ్యం దాన్ని తొడుక్కునే స్థితిలో లేడు. వేళ్ళతో పట్టీ తడిమి, ఒక్కొక్క చుక్కనూ లెక్కపెట్టినట్టు ఆగాడు.

"దారమా?"

"దారమే. ఇది పొక్కదులే."

అతను నవ్వబోయాడు, దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, "నేను ఆడేటప్పుడు కుప్పం మ్యాచి గెలిస్తిమి గదన్నా, నేనే గదా ఆఖర్న..." అన్నాడు.

"నువ్వే. ఆ మట్టి వదిలించేదానికి నాకు రెండు దినాలు పట్టింది."

మెట్లు దిగేటప్పుడు తబిత ఎదురైంది. "రాసుకోమ్మా," అన్నాడు, "పదకొండో నంబరు. సుబ్రమణ్యం. మూడేండ్లు ఆడినాడు. నా తప్పుతో పేరు పడలేదని గూడా రాయి." తబిత పేరు రాసింది, ఆడిన ఏండ్లు రాసింది. చివరి మాట రాయనా వద్దా అని ఆగితే, రాసేదాకా అతను కదల్లేదు.

అయిదు దాటాక పై వార్డుల మాసిన గుడ్డలు కిందికి వచ్చాయి. ఏ మంచం ఎందుకు ఖాళీ అయిందో లాండ్రీ వాళ్ళకు ఎవరూ చెప్పరు, మూటే చెబుతుంది. ఇంటికి వెళ్ళేవాళ్ళ మంచం నుంచి దుప్పటి ఒక్కటే వస్తుంది. పద్నాలుగో మంచం మూటలో దుప్పటి, దిండు గలేబు, కింద పరిచే రబ్బరు గుడ్డ, చొక్కా అన్నీ ఉన్నాయి. దేవరాజులు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టాడు. నాలుగున్నరకు పోయాడని, ఇంటివాళ్ళు అప్పుడే పుంగనూరుకు తీసుకెళ్ళారని మూట తెచ్చిన రత్నమ్మ అడిగితే చెప్పింది. జెర్సీని వాళ్ళ ఆవిడ తెలియక మిగతా బట్టలతో తీసుకుపోయిందట.

"తెప్పించాలా అప్పా?" అంది.

"వద్దులే. ఉండనీ."

మూట అడుగున ఆసుపత్రిది కాని తువ్వాలు ఒకటి చేతికి తగిలింది. సుబ్రమణ్యం ఇంటినుంచి తెచ్చుకున్నది, తొందరలో ఇందులో కలిసిపోయింది. దాన్ని విడిగా తీసి, వేడి నీళ్ళు పెట్టకుండా, చేత్తోనే మెల్లగా ఉతికాడు. ఎవరిదో తెలియడానికి బయటి గుడ్డల మీద తప్పకుండా జీడితో గుర్తు పెట్టేవాడు, దీనికి పెట్టలేదు. చేతులు తుడుచుకుని, సైకిలు తీసుకుని ఇంటికి బయలుదేరాడు. లాండ్రీ వెనక తీగ మీద, నాలుగు మూలల్లో ఎక్కడా గుర్తు లేని పచ్చంచు తువ్వాలు ఒకటి నీళ్ళు కారుతూ ఉంది.