సుకన్య దాచిన మాట

కాశిబుగ్గలో సుకన్య గుమ్మం ముందు రెండు నిమిషాలు ఆగినవాళ్లెవరూ సలహా లేకుండా కదిలింది లేదు. పప్పు ఉడకకపోయినా, కోడలు అలిగినా ఆమె దగ్గర ఏదో ఒక ఉపాయం ఉండేది. అలాంటి మనిషి మధ్యవర్తిత్వంలో నలభై గంటల శిక్షణ తీసుకుంది. అందులో ఆమెకు అన్నిటికంటే కష్టమైన పాఠం నోరు మూసుకోవడం.

"పరిష్కారం మన నోట్లోంచి రావద్దు, వాళ్ల నోట్లోంచే రావాలె. ఒకరు చాటున చెప్పింది ఇంకొకరి చెవిల పడొద్దు" అని నేర్పిన కుమారస్వామి సార్, ఆ రోజు మధ్యవర్తిత్వ కేంద్రంలో మొదటి కేసును ఒంటరిగా నడపమని ఆమెకు అప్పగించి, పక్క బల్ల దగ్గర పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు.

సుకన్య అరగంట ముందే వచ్చి కుర్చీలు సర్దింది. ఒకటి ఊగుతోంది. దాన్ని తనకే వేసుకుంది.

వచ్చినవాళ్లిద్దరూ ఒకే గోడకు అటూ ఇటూ కాపురం ఉండేవాళ్లు. మొగిలమ్మ జంపఖానాలు నేస్తుంది. ఏసమ్మ దవాఖానలో ఎముకల వార్డు ఆయా, రాత్రి డ్యూటీ. ఆమె పొద్దున వచ్చి పడుకుంటే గోడ అవతల పంజా మొదలవుతుంది. ఇనుప పళ్ల ఆ పనిముట్టుతో నూలును దిగగొట్టే చప్పుడు గోడలోంచి నేరుగా తలలోకి వస్తుంది.

"కావాల్ననే కొడ్తాంది మేడం!" అంది ఏసమ్మ. "మునుపు నాలుగింటికి లేచి, నేనొచ్చేసరికే బంద్ చేసేది. ఇప్పుడు దినమంతా ధన్ ధన్. మొన్న డ్యూటీల కునుకు తీస్తే సిస్టరమ్మ తిట్టింది. ఇయ్యాల తేలకపోతే రేపు ఠాణాల రాసిస్త. మగ్గం ఆడికెళ్లి తీపిస్త!"

"తీపియ్యి! నీ నెత్తిమీద పెట్టుకుంట మగ్గాన్ని!" అంది మొగిలమ్మ.

"ఎప్పటి సంది మారింది?" అని అడిగింది సుకన్య.

"క్రిస్మస్ అయినకాడి నుంచి. మా నక్షత్రం ఆమె గోడకు కట్టినమని పగ."

"నక్షత్రం మీద పగేందే? కరెంటు పోయిన దినం దాని వెలుగులనే కూర సూస్కున్న!"

కరెంటు పోతే నక్షత్రమెలా వెలిగిందో ఎవరూ అడగలేదు. సుకన్య పెదవులు బిగించి నవ్వు ఆపుకుని, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతానంది.

వెనక గదిలో మొగిలమ్మ కుడిచెయ్యి ఒళ్లో దాచుకుంది. "బిడ్డా, ఎవరికి చెప్పొద్దు. ఈ చెయ్యి పట్టు తప్పింది. మూడు గంటల పని దినమంతా పడుతాంది. తెలిస్తే నాకు నేత పని ఎవరిస్తరు?"

"ఏసమ్మకు మీరే చెప్పుకుంటే?"

"సచ్చినా చెప్ప. జాలిగ సూస్తది."

సరేనంది సుకన్య. మాట ఇచ్చేసింది.

మళ్లీ ముగ్గురూ బల్ల చుట్టూ చేరారు. ఏసమ్మ "నేను పోత" అని సంచి భుజాన వేసుకుంది. ఒక్క మాట చెబితే చాలు, ఆ కోపమంతా దిగిపోతుంది. మగ్గం ఉన్నచోటే ఉంటుంది. మాట నాలుక కొస దాకా వచ్చింది. సుకన్య మంచినీళ్లు తాగి దాన్ని మింగేసింది. కుమారస్వామి సార్ పేపరు పేజీ తిప్పాడు. తన కుర్చీ మాత్రం టకటక ఊగుతోంది.

"పదకొండింటికి చాయ్ వస్తది. తాగిపో ఏసమ్మా" అంది చివరికి, ఇంకేం చెప్పాలో తోచక.

రోజూలాగే చాయ్ వచ్చింది. మొగిలమ్మ గ్లాసును ఎడమచేత్తో అందుకుంది. సుకన్య చూపు తిప్పుకుని కిటికీ ఊచలు లెక్కపెట్టసాగింది.

"అక్కా," అంది ఏసమ్మ, గొంతు మారిపోయి. "నువ్వు ఎడమచేత్తోని ఎన్నడు తాగంగ చూడలె. ఆ చెయ్యి ఇటు తే."

"ఏం లేదు పో."

"పదేండ్ల సంది రోజు చేతులే చూస్తాన. తే అంటే!"

చెయ్యి వచ్చింది. ఏసమ్మ వేళ్లు ఒక్కొక్కటే వంచి చూసింది. మొగిలమ్మ ఏడవలేదు, కసిరింది. "మెల్లగ! ఇది చెయ్యి, వార్డు మంచం కాదు!"

"గోడ అవతలే ఉంటి కదనె, ఒక్క మాట చెప్తే ఏంబోయింది? రేపు నాతోని రా, డాక్టరమ్మకు చూపిస్త."

"మరి మగ్గం?"

"పొద్దుగాల నేనొచ్చేదాక కొట్టు. రెండింటి దాక నన్ను పండనియ్యి. లేచినంక గంట సేపు నేనే పంజా కొడ్త."

"నువ్వు కొడితే జంపఖానా కాదు, చేపల వలయితది!"

ఏసమ్మ పంజా కొట్టడంకన్నా దారం పోగులు చుడితే మేలు కదా అని సుకన్యకు తోచింది. చెప్పలేదు. వాళ్లన్నదే వాళ్ల మాటల్లో ఒప్పంద కాగితం మీద రాసింది. రెండు నిమిషాలు పోట్లాడుకుని, ఏసమ్మ దారం చుట్టేట్టు వాళ్లే తేల్చుకున్నారు.

మొగిలమ్మ ఎడమ బొటనవేలి ముద్ర వేసింది. ఇద్దరూ ఒకే ఆటో ఎక్కారు. ముందు సీటు ఎవరిదని అక్కడా ఒక వాదం.

కుమారస్వామి సార్ పేపరు మడిచాడు. "చెయ్యి సంగతి నీకు ముందే చెప్పిందా ఏంది?"

సుకన్య ఖాళీ గ్లాసులు ఒకదానిలో ఒకటి పెడుతూ, "మీ చాయ్ చల్లగయింది సార్, ఇంకోటి చెప్పాల్నా?" అంది.

ఆయన ఒక్క క్షణం ఆమె వంక చూసి, గట్టిగా నవ్వాడు. "రెండు చెప్పు. ముందు ఆ ఊగే కుర్చీ కింద ఏదన్న పెట్టు తల్లీ, అరగంట సంది చెవులు పోతున్నయి."