తూర్పు వాకిలి

కడిగీ కడిగీ నర్సింలు చేతులు నానిపోయాయి గానీ బండి వయసు మాత్రం తగ్గలేదు.

అది ఇల్లులాంటి బండి. లోపల మంచం, గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి ఉన్నాయి. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్ అబూ జాసిం ఒకప్పుడు ప్రతి వేసవికీ పెళ్లాంపిల్లల్ని ఎక్కించుకుని, సముద్రం మీది వంతెన దాటి, సౌదీ కొండల్లోని అడవులకు అందులోనే పోయేవాడు. పిల్లలు విమానాలు మరిగాక బుదయ్య అనే ఊళ్లోని తన ఖర్జూరపు తోటలో ఓ మూలన పడేశాడు. పక్కన అతికించిన దేవదారు చెట్టు బొమ్మ నడుము దాకా ఊడిపోయింది.

పోయిన వారం అబూ జాసిం నర్సింలును పిలిచి ఒక మాట చెప్పాడు. తోటకు కావలి మనుషులు కావాలి. భార్య కూడా వస్తానంటే ఆ బండి వాళ్ల కాపురానికే ఇస్తాడు. బక్రీదు రోజు సాయంత్రానికల్లా జవాబు చెప్పాలి. రానంటే బండి పాత ఇనుప సామానుకు పోతుంది, ఖలాస్.

నర్సింలు ఉండేది కూలీల క్యాంపులో, ఎనిమిది మంది మగవాళ్ల గదిలో. అతని భార్య గౌరవ్వ సీఫ్‌లో ఒక మాల్ తుడిచి, ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఐదుగురు ఆడవాళ్లతో పడుకుంటుంది. మూడేళ్లుగా ఇద్దరూ ఒకే దేశంలో ఉన్నారు, ఒకే కప్పు కింద మూడు రోజులు లేరు. శుక్రవారం సముద్రం ఒడ్డున కూర్చుని, ఆమె తెచ్చిన డబ్బాలోది తిని, ఎవరి బస్సు వాళ్లు ఎక్కడమే వాళ్ల కాపురం.

అలాంటిది, సంగతి చెప్తే గౌరవ్వ ఎగిరి గంతేయలేదు. "అడవి లెక్క ఉంటదంటున్నవు గదా. సూషినంక చెప్త" అంది. అంతే. ఆ మాటకే నర్సింలుకు నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు.

బక్రీదు పొద్దున మొదటి బస్సుకే దిగింది గౌరవ్వ. చేతిలో ఒక గుడ్డసంచి. అందుకోబోతే చటుక్కున వెనక్కి తీసుకుంది.

"ముట్టకు. నా సామాన్ నేనే మోస్త."

ఏడు కాకముందే ఎండ నెత్తి మీద కూర్చుంది. తోటలోకి అడుగుపెట్టి గౌరవ్వ అటూ ఇటూ చూసింది. వరసలో నిలబడ్డ ఖర్జూరపు చెట్లు, మొదలు మొదలుకూ నల్లటి నీళ్ల పైపు.

"గిదేనా అడవి?"

"మరి? సూడు ఎన్ని చెట్లో."

"తునికాకు తెంప పోయి ఎండకాలమంత అడవిల తిరిగినదాన్ని. మా అడవికి ఎవ్వడు నీళ్లు పోసిండయ్యా? గీ చెట్లు బడిపిల్లల లెక్క లైన్ల నిలవడ్డయి. పేరు పిలిస్తే పలుకుతయా ఏంది?"

నర్సింలు నవ్వబోయి ఆపుకున్నాడు. నవ్వితే ఒప్పుకున్నట్టవుతుంది. గబగబా బండి దగ్గరికి తీసుకుపోయి ఏసీ వేశాడు. పైనున్న పెట్టె ఏనుగులా ఘీంకరించింది. గౌరవ్వ కిటికీలోంచి చెయ్యి పెట్టి చూసింది.

"ఇది గాలి ఇస్తలేదు. గాలి అడుగుతున్నది."

"కొంచెం ఆగు, సల్లవడ్తది."

"ఎప్పుడు? పూస మాసం చలిలనా?"

అప్పుడు చూసింది బండి తలుపు. మెట్టు మీద పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకుంది. సూర్యుడి వైపు తిరిగింది, చేతులు చాచి దిక్కులు కొలిచింది.

"ఏమయ్యా, వాకిలి దక్షిణం పెట్టినవా?"

నర్సింలు బండి ముక్కు వైపు చెయ్యి చూపించాడు. "లేదే! నేను లెక్క జూసే పెట్టిన. బండి మొఖం తూర్పుకే ఉంది, సూడు!"

"బండి మొఖం నాకెందుకు? ఇంటికి మొఖమేది, డ్రైవర్ కూసునేదా, ఆడది అడుగు వెట్టేదా? దక్షిణం వాకిట్ల నేను కాలు పెట్ట."

"గోడలున్న ఇల్లైతే కూలగొట్టాలె. దీనికి చక్రాలున్నయి, తిప్పుత!" అని నర్సింలు గర్వంగా తాళంచెవి తిప్పాడు. ఇంజను దగ్గింది. మళ్లీ తిప్పాడు. ఈసారి దగ్గు కూడా రాలేదు.

పక్క తోటలో పనిచేసే పేరయ్యను కేకేశాడు. అమలాపురం మనిషి. ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఇంటికి వాస్తు చెప్పినోళ్లని చూశానండి గానీ, ఇంటిని తోసినోళ్లని చూడ్లేదండి" అన్నాడు పేరయ్య. "వదినగారూ, ఎటేపు తొయ్యమంటారు?"

"తలకాయ ఉత్తరానికి పోవాలె అన్నా. అప్పుడు వాకిలి తూర్పుకొస్తది."

యల్లా, యల్లా అంటూ తోశారు. ముందుకు తోసి, వెనక్కి లాగి, మళ్లీ ముందుకు తోశారు. గౌరవ్వ చెట్టు నీడన నిలబడి చేత్తో దారి చూపిస్తుంటే బండి ముక్కుతూ మూలుగుతూ తిరిగింది. చొక్కాలు ఒంటికి అతుక్కుపోయాయి. చివరికి వాకిలి తూర్పుకు వచ్చింది. వచ్చి, ఎడమ చక్రాలు రెండూ పైపు నీళ్లకు నానిన మట్టిలో జానెడు దిగబడి, బండి పడమటికి ఒరిగి ఆగిపోయింది.

నర్సింలు ఆ ఒరిగిన బండిని చూశాడు. గాలి అడిగే ఏసీ, పలకని ఇంజను, ఇప్పుడు ఈ వంకర. ఇంకేం మిగిలింది? సాయంత్రం కఫీల్‌కు ఏం చెప్పాలో మనసులో కూర్చుకున్నాడు. "బస్టాండుల దింపుత, పా" అందామని నోరు తెరిచేలోగా గౌరవ్వ మెట్టెక్కి లోపలికి పోయింది. కుడికాలే ముందు పెట్టిందని అతను గమనించలేదు.

లోపల పొయ్యి వెలిగించిన చప్పుడు. తర్వాత గొంతు.

"ఏమయ్యా! ఆ ఎడమ చక్రాల కింద పలకలు పెట్టుండ్రి. జర లేపుండ్రి."

"ఎందుకే ఇప్పుడు?"

"గిట్ల వంకర ఉంటే పాలు పడమటికి పొంగుతయి. తూర్పుకు పొంగద్దా?"

"ఏ పాలు?"

గౌరవ్వ కిటికీలోంచి సంచి చూపించింది. తడి తువ్వాల్లో ఐసుగడ్డలతో చుట్టిన పాల డబ్బా, కొత్త స్టీలు గిన్నె, పొట్లంలో పసుపు కుంకుమ. గిన్నె మీద షాపు చీటీ ఇంకా ఊడదీయలేదు.

నర్సింలు ఆ చీటీ వంకే చూశాడు. పేరయ్య నవ్వాడు. "అన్నా, వదినగారు రాత్రే ఒప్పేసుకున్నారండి. మనమే పొద్దున్నుంచీ పరీక్ష రాసుకుంటన్నాం!"

"ఒప్పుకున్నవనుకో, మరి నాలుగు రోజులు నన్నెందుకు సంపినవే?" అన్నాడు నర్సింలు.

"బండి కడుగుతవని. లేకుంటే కడుగుదువా?"

నలుగురూ కలిసి పలకలు తోసి చక్రాలు లేపారు. లోపల పాలు బుసబుసమని లేచి, తూర్పుకు కొంచెం, మిగతా మూడు దిక్కులకూ పుష్కలంగా పొంగాయి. "తూర్పుకే పొంగినయి" అని గౌరవ్వ గట్టిగా తీర్పు చెప్పింది. కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

నర్సింలు తలో గ్లాసు పాలు పంచి కఫీల్‌కు ఫోను కలిపాడు. అవతల మోగుతుండగానే గౌరవ్వ ముందుకు పోయి, ఇంజను తాళంచెవి ఊడబీకి కొంగున ముడేసుకుంది.

"అదెందుకే? ఎట్లాగూ నడవది గదా."

"ఏమో, రేపు నీకు ఇంజన్ మంచిగ చేద్దామని బుద్ధి పుడితే?" అంది. "ఇల్లన్నంక ఒక్కకాడ ఉండాలె. మల్ల మొఖం తిప్పుతవు నువ్వు."