కొండదారి అడ్డగడ

జిన్‌పచి అడ్డగడను నూనెగుడ్డతో తుడుస్తున్నాడు. దారికి అడ్డంగా పెట్టిన ఆ వెదురు వానకు పగలకుండా అప్పుడప్పుడు ఆ పని చేయాలి. ఇవాళ మధ్యాహ్నం దాన్ని పీకేస్తారని తెలిసినా చేతులు తమ పని మానలేదు. సన్నని మనిషి. రోజంతా బల్లేనికి ఆనుకుని నిలబడి నిలబడి ఎడమ భుజం కాస్త దిగిపోయింది.

రాజధానికి దిగే ఆ దారికి కావలిగా జిన్‌పచి మొదట మికుర ప్రభువు దగ్గర కొలువు చేశాడు. తర్వాత, ఆయన కోటను కాల్చిన హసోబె ప్రభువు కొలువు. గడను మోసే గుంజకు కట్టిన జెండా మారింది, జిన్‌పచి మారలేదు. ఎవరు గెలిచినా దారిలో ఒకడు నిలబడి “ఆగు” అనాలి కదా. ఇప్పుడు హసోబె వారూ తలవంచారు. సీమలన్నీ ఒకే పెద్దదొర చేతికిందికి వస్తున్నాయి. దేశానికంతా ఒకే దొర అయ్యాక దారికి అడ్డమెందుకు? సుంకాలు లేవు, గడలు లేవు. మంచిదేనని జిన్‌పచికీ తెలుసు. కొండమీది ఊళ్ళకు ఉప్పు చవకవుతుంది. ఆ మంచిలో తను పోగొట్టుకునేది ఏమిటో మాత్రం ఎవరికీ చెప్పుకోలేడు.

ఒషిమో పై ఊరి విధవ. తలమీద కట్టెలమోపుతో పొద్దున రాజధానికి దిగుతుంది, సాయంత్రం ఎక్కుతుంది. గడ ఉంది కనుక ఆగేది. మోపులో ఆయుధాలు దాచలేదు కదా అని అతను ఇనుప చువ్వతో పొడిచి చూసేంతసేపూ ఏదో ఒకటి అనేది. అతని సంసారమంతా ఆ కాసేపే. చువ్వ నెమ్మదిగా దింపడం ఎప్పుడు అలవాటైందో అతనికే తెలియదు. ఇవాళ కూడా పొద్దున్నే ఆమె మోపుతో దిగి వచ్చింది.

“హసోబె ప్రభువు ఆజ్ఞ. ఆగు.”

“ఆగాను.” మోపు దించింది. “ఇవాళైనా దొరుకుతాయా కత్తులు?”

“చూస్తున్నా.”

“పొడిచి పొడిచి నా కట్టెలకి చిల్లులు పెట్టావు. పొయ్యిలో ఈల వేస్తున్నాయని కొన్నవాళ్ళు తిడుతున్నారు.”

“రేపట్నించి పొడిచేవాడుండడులే.”

“విన్నాను. ఎక్కడికి పోతావు?”

“సరస్సు ఒడ్డున తమ్ముడున్నాడు.”

“మరదలు మంచిదేనా?”

“చూళ్ళేదు.”

ఆమె కాసేపు అతని చేతుల వంకే చూసింది. “నన్ను వెళ్ళమను మరి.”

తెల్లారినప్పటినుంచీ ఆమెతో అనాలని మనసులో ఒక మాట కూర్చుకుంటున్నాడు. అది అనకుండానే చువ్వ బయటికి లాగి, “వెళ్ళు” అన్నాడు.

మధ్యాహ్నం పనివాళ్ళు రంపాలతో వచ్చారు.

“ముసలాయనా, మా నాన్నని వానలో నిలబెట్టింది నువ్వేనటగా. ఏదీ, మమ్మల్ని ఆపు చూద్దాం” అన్నాడు ఒకడు, గుంజను కోస్తూ.

అది వాడి మీద పడకుండా జిన్‌పచి రెండు చేతులా పట్టుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక పరుపుచుట్ట కట్టుకున్నాడు. వెలుగుండగానే సరస్సు వైపు దిగాల్సింది. దిగలేదు. కావలి గుడిసె ముందు కూర్చుని, ఇక ఎవరికీ అడ్డంలేని దారిని చూస్తూ ఉండిపోయాడు. బాటసారులు అతని వైపు తిరగకుండానే పోతున్నారు. ఇన్నేళ్ళూ వాళ్ళు చూసింది గడనే కాబోలు.

సాయంత్రం ఒషిమో ఉత్తిచేతులతో ఎక్కి వచ్చింది. గడ ఉండేచోటికి రాగానే కాళ్ళు వాటంతటవే నిలిచాయి. ఎదురుగా ఏమీ లేదని తెలిసి చిన్నగా నవ్వుకుంది. మళ్ళీ అడుగెత్తబోయింది.

“ఆగు.”

ఆమె తిరిగింది. “ఎవరి ఆజ్ఞ?”

‘ఆగు’ అనే మాటకు ముందు ఎప్పుడూ ఒక ప్రభువు పేరుండేది. ఇప్పుడు నోరు వెతుక్కుంది. లోపల ఏ పేరూ లేదు. అంత ఖాళీలో తను ఒక్కడే నిలబడి ఉండటానికి అతనికి భయమేసింది.

“ఎవరిదీ కాదు. నేనే ఆపుతున్నా.”

“ఎందుకట?”

“చీకటి పడుతోంది.”

“రోజూ పడుతుంది.” అంటూనే వచ్చి, కోసిన గుంజ మొదలు మీద కూర్చుంది. తలమీది చుట్టకుదురు తీసి పక్కన పెట్టి, పాదాలు నొక్కుకుంది. “మా ఇంటి కప్పు కారుతోంది. గడ్డి కప్పడం వచ్చా నీకు?”

“రాదు.”

“గడకి నూనె పూయడం తప్ప ఏమీ రాదన్నమాట.”

“నేర్చుకుంటా.”

ఆమె లేచి బట్టలు దులుపుకుంది. జిన్‌పచి పరుపుచుట్ట భుజానికెత్తుకున్నాడు. ఇద్దరూ పైకి నడిచారు, ఆమె రెండడుగులు ముందు. వంపు తిరిగాక ఆమె నవ్వు వినిపించింది.

గుంజ మొదలు మీద, కొత్త రంపపు పొట్టులో, ఆమె మరిచిన గుడ్డ చుట్టకుదురు ఉంది. మోపుల బరువుకు అణిగిన దాని నడిమి భాగం ఇంకా చెమటతో తడిగానే ఉంది.