శనివారం బట్టలు

"శనివారం ఎలాగా వస్తాది కదే, అప్పుడుతుకుద్ది," అంటున్నారు మా అత్తగారు ఆరోగ్యమ్మ.

"అప్పటిదాకా దుప్పట్లు కంపు కొట్టవా అత్తమ్మా? ఇప్పుడే నానబెట్టేస్తే రేపు హాస్టల్‌కి ఎల్లేలోగా అక్క ఉతికేసి పోద్ది," అంటోంది నా తోటికోడలు విమల.

ఆ వచ్చేదాన్నీ, వెళ్ళేదాన్నీ, ఉతికేదాన్నీ నేనే. మడత పెట్టిన చీరలు చేతుల్లో పట్టుకుని వాళ్ళిద్దరి మధ్య గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. చాలాసేపటి నుంచి నడుస్తోంది ఈ వాదన. దుప్పట్లు ఇవాళ ఉతకాలా, శనివారం ఉతకాలా అన్నదే గొడవ. ఎవరు ఉతకాలన్నది ఆ ఇంట్లో ఎన్నడూ గొడవ కాలేదు.

మా ఆయన శుభాకర్ పేపరు దించకుండానే తీర్పు చెప్పాడు. "ఇయ్యాల సగం, శనివారం సగం. దీనికింత రభస ఏటి?"

అందరికీ న్యాయంగా తోచింది. నేను చీరలు పెట్టెలో సర్దుకోవడానికి లోపలికి వెళ్ళాను.

మా ఇల్లు మల్కాపురంలో. శుభాకర్ ఉద్యోగం పోర్టులో, ఇనప ఖనిజం ఓడలకెక్కించే చోట. పొద్దున్న తెల్లచొక్కాతో వెళ్ళిన మనిషి సాయంత్రం ఎర్రచొక్కాతో తిరిగొస్తాడు. మరిది సుందర్ రాజ్ స్టీల్ ప్లాంటు కడుతున్న దగ్గర పనిచేస్తాడు, అతని ప్యాంట్లు సిమెంటుతో అట్టల్లా ఉంటాయి. మామగారు దయానందంగారు రైల్వేలో రిటైరయ్యారు, చర్చిలో పెద్ద, ఆయన పంచెలకి గంజి ఉండాలి. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగు పెట్టినప్పటి నుంచి ఇవన్నీ నా చేతిమీదే తెల్లబడ్డాయి. "పిల్లల్లేందానివి, నీకేటి పని" అనేవారు అత్తగారు. తిట్టినట్టు కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు. అందుకని విమల పిల్లల గౌన్లూ నిక్కర్లూ కూడా నా బకెట్లోకే వచ్చేవి. నేను స్కూల్లో పాఠాలు చెప్పి వస్తాననేది వాళ్ళ లెక్కలో పని కాదు, ఇంట్లోంచి కాసేపు బయటికెళ్ళి రావడం.

ఎం.ఏ. చదివితే పైతరగతులు చెప్పే పోస్టు వస్తుందని మా హెడ్‌మిస్ట్రెస్ సెలవు ఇప్పించింది. జీతం పెరుగుతుందంటే ఇంట్లో ఎవరూ కాదనలేదు. మొదట్లో రోజూ బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. తెల్లవారకముందే లేచి వంటంతా ముగించి, యూనివర్సిటీ చేరి, క్లాసులో కూర్చోగానే నిద్రపోయేదాన్ని. ఒకరోజు మా ప్రొఫెసరమ్మ బెంచీ దగ్గరికొచ్చి, "పుష్పకుమారీ, నువ్వు హాస్టల్లో చేరు, లేకపోతే చదువు మానెయ్యి, ఇలా మాత్రం వద్దు," అంది. సీటు కూడా తనే ఇప్పించింది.

ఇంట్లో ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద. "శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్న ఎల్లు. ఇంటి కోడలు ఇంటి మొహం చూడకపోతే ఎలాగమ్మా," అన్నారు మామగారు. ఇంటి మొహం ఎలా ఉంటుందో ఆ మొదటి శనివారమే చూశాను. నూతి గట్టు పక్కన, వారం రోజుల బట్టలు నా నడుమెత్తున పోసి ఉన్నాయి.

హాస్టల్లో మొదటిరోజు మధ్యాహ్నం మెస్సు గంట కొట్టారు. అమ్మాయిలంతా బిలబిలమంటూ వచ్చి బల్లల ముందు కూర్చున్నారు. నేను గోడకానుకుని నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకే తెలీదు, కాళ్ళకి తెలుసు. ఒకళ్ళు లేచారు, ఇంకొకళ్ళు కూర్చున్నారు, వాళ్ళూ లేచారు. వడ్డించే గవర్రాజు అన్నం బకెట్టుతో అటూ ఇటూ తిరుగుతూ రెండు మూడుసార్లు నా వైపు చూశాడు. "ఏటమ్మా, ఎవులి కోసం సూత్తన్నారు?" అనడిగాడు. చివరికి నా గదిలో ఉండే చాంద్ సుల్తానా చెయ్యి కడుక్కుని వస్తూ ఆగింది. శ్రీకాకుళం పిల్ల, నాకన్నా పదేళ్ళు చిన్నది, నోరు మాత్రం పెద్దది.

"ఏటక్కా, నిలబడిపోనావు? ఒంట్లో బాగోలేదా?"

"అందరూ తిన్నాక తిందామని."

ముందు అర్థం కాలేదు దానికి. అర్థమయ్యాక బల్ల పట్టుకుని నవ్వింది. "హాస్టలంతా తిన్నాక నువ్వు తింటావా? అప్పటికి నీకు మిగిలేది సారులో కరేపాకే అక్కా."

మర్నాడు నా రెక్క పట్టుకుని బల్ల ముందు కూర్చోబెట్టింది. గవర్రాజు పప్పు గరిటె నా కంచం మీద ఆపి, "మారు ఎయ్యమంటారా?" అన్నాడు. అలవాటుగా చాలన్నాను. అతను వెళ్ళిపోతుంటే పిలిచి, వెయ్యమన్నాను. పప్పు మామూలుదే, కాస్త నీళ్ళగా కూడా ఉంది. కానీ ఎవరో నా ఆకలిని అడిగారు, నేను జవాబు చెప్పాను. కంచం ముందు కూర్చుని ఏడవడం బాగోదని గబగబా తిన్నాను.

ఆ వారమే మొదటిసారి నా ఒక్కదాని బట్టలు ఉతుక్కున్నాను. ఒక చీర, జాకెట్టు, లంగా, తువ్వాలు. బకెట్టు సగం కూడా నిండలేదు. దండెం మీద ఆరేసి, మళ్ళీ కుళాయి దగ్గరికొచ్చి నిలబడి, మిగతావి ఏవని వెతికాను. మిగతావి లేవు. నేనొక్కదాన్ని బతకడానికి ఇంత కొంచెం పనే కావాలా అనిపించింది. ఇన్నేళ్ళూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసినదంతా ఎవరి బతుకు? గదిలోకెళ్ళి కిటికీ పక్కన మంచం మీద కూర్చున్నాను. దూరంగా సముద్రం మీద ఓడ ఒకటి కూత పెట్టింది. మధ్యాహ్నమంతా నా ముందు ఖాళీగా పడి ఉంది. పుస్తకం తెరిచాను. టీ గంట కొట్టేదాకా తలెత్తలేదు. ఒక పాఠం మొదటి నుంచి చివరిదాకా ఎవరూ పిలవకుండా చదవడం నా జీవితంలో అదే మొదలు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. రెండు వారాలు రానని ఇంట్లో చెప్పి వచ్చాను. రెండో ఆదివారం సాయంత్రం ఆయా వెంకటరమణమ్మ పైకొచ్చి, "మీకు విజిటరమ్మా. కింద బల్ల మీద కూకోబెట్టినాను," అంది. హాస్టల్ పద్ధతి అది. ఎంతటివాళ్ళయినా గేటు దగ్గర చీటీ రాసిచ్చి, మేం దిగి వచ్చేదాకా బల్ల మీద ఎదురుచూడాలి. ఎవరి నాన్నకో, ఎవరి అన్నకో మధ్య ఇరుక్కుని, ఒళ్ళో పెద్ద సంచితో కూర్చుని ఉన్నాడు శుభాకర్. నా కోసం ఆ మనిషి ఎదురుచూడటం ఎప్పుడూ చూడలేదు. మనసు కరిగిపోయింది. నా వెనకే దిగిన చాంద్ సుల్తానా, "బావగారు సంచీ నిండా పళ్ళట్టుకొచ్చినట్టున్నారు, సగం నాకే," అని చెవిలో ఊదింది.

సంచి అందుకుని మూతి విప్పి చూశాను. ఎర్రచొక్కాలు.

"ఇక్కడ నీళ్ళు బాగా వస్తాయన్నావు కదా," అన్నాడు శుభాకర్, చాలా దయగా. "తొందరేం లేదులే. వచ్చే ఆదివారం వచ్చి అట్టుకెళ్తాను."

నేను సంచితో మెట్లెక్కడం మొదలుపెట్టాను. అదీ కాళ్ళ అలవాటే. చాంద్ సుల్తానా ఏమీ అనలేదు. అది ఏమీ అనకపోవడం అంతకుముందు నేను వినలేదు. సగం మెట్లమీద ఆగి, వెనక్కి దిగి, సంచి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను.

"ఇక్కడ కుదరదండీ."

"ఏం?"

"ఆడపిల్లల హాస్టలు. దండెం మీద మగవాళ్ళ బట్టలు ఆరెయ్యకూడదు. రూలు."

అలాంటి రూలు ఉన్నట్టు నాకు తెలీదు. ఆయన అనుమానంగా ఆయా వైపు చూశాడు. వెంకటరమణమ్మ మల్లెమొగ్గలు మాల కడుతూ, తలెత్తకుండానే అంది: "అవును బాబూ. వార్డెనమ్మ సూసిందంటే ముందు నా ఉద్యోగం తీసెత్తాది. అట్టుకెల్లిపోండి."

ఆయన వెళ్ళాక ఆయా అడిగింది. "ఆ రూలు ఎప్పుడెట్టినారమ్మా?"

"ఇప్పుడే."

మాల ఒళ్ళో పడేసుకుని నవ్వింది. నేనూ నవ్వాను. కానీ పైకెళ్ళాక పుస్తకం ముందు కూర్చుంటే సిగ్గేసింది. ఉతకనని చెప్పడానికి నాకు హాస్టల్ రూలు కావలసి వచ్చింది. నా నోటితో, నా మాటగా చెప్పలేకపోయాను.

వేసవిలో మొదటి ఏడాది ఫలితాలొచ్చాయి. మా డిపార్ట్‌మెంట్లో నాదే మొదటి స్థానం. చర్చిలో మామగారు లేచి నిలబడి ఆ సంగతి ప్రకటించారు. అత్తగారు వీధిలో వాళ్ళందరికీ "మా కోడలు యూనివర్సిటీ ఫస్టు" అని చెప్పుకుని మురిసిపోయారు. నిజంగానే మురిసిపోయారు, నేను ఆ సంతోషాన్ని శంకించను. ఇంటికొచ్చి, "ఆ పంచెలకి గంజెట్టావా?" అనడిగారు. రెండూ ఒకే నోటితో, ఒకే ప్రేమతో.

ఇక ఇవాళ. రేపు హాస్టల్ తెరుస్తారు. దుప్పట్లలో సగం విమల తొట్టిలో పడేసి వెళ్ళింది. నేను నానబెట్టలేదు. సాయంత్రం శుభాకర్ గదిలోకొచ్చి పొడి తొట్టి గురించి అడిగాడు.

"ఈ శనివారం నుంచి ఇంటికి రావాలా వద్దా అని ఆలోచిస్తున్నాను," అన్నాను.

"చదువుకోవద్దని ఎవరన్నారు పుష్పా? వారానికి ఒక్కరోజు కదా. ఈ ఇంట్లో నీకేం తక్కువైంది?" అన్నాడు. జవాబు చెప్పబోతుంటే ముందు గదిలోంచి మామగారు ప్రార్థనకి పిలిచారు.

మా ఇంట్లో దీపాలు పెట్టే వేళకి కుటుంబ ప్రార్థన జరుగుతుంది. చాప మీద చుట్టూ కూర్చుని కళ్ళు మూసుకుంటాం. మామగారు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తారు. పిలిచినవాళ్ళు తమ మనవి చెప్పాలి, అది అవగానే మిగతావాళ్ళు ఆమెన్ అనాలి. అన్న ఆమెన్‌ని వెనక్కి తీసుకోవడం ఉండదు. కిందటేడు సుందర్ రాజ్ ఏదో ఊపులో సిగరెట్లు మానేస్తానన్నాడు. మర్నాటికే గింజుకున్నాడు గానీ, "దేవుడి ముందు ఆమెనయిపోయింది నాయనా," అని మామగారు ఒప్పుకోలేదు. ఇప్పటికీ దొంగచాటుగా కాలుస్తూ అవస్థపడుతున్నాడు.

అత్తగారు మోకాళ్ళ నొప్పుల గురించి మనవి చేశారు. ఆమెన్. శుభాకర్ ప్రమోషన్ అడిగాడు. ఆమెన్. సుందర్ రాజ్ క్రేన్ల దగ్గర క్షేమం కోరాడు. విమల పిల్లల దగ్గు తగ్గాలంది. నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే, ఇంట్లో అందరి ఆరోగ్యం. నా వంతు వచ్చేసరికి అందరి పెదవులూ ఆమెన్‌కి సిద్ధంగా ఉంటాయి.

"పుష్పా, నీ మనవి చెప్పమ్మా," అన్నారు మామగారు.

"చదువు పూర్తి చేస్తాను మావయ్యా," అన్నాను, రోజూ చెప్పే గొంతుతోనే. "ఈ ఏడాది శనివారాలు ఇంటికి రావడం లేదు. పరీక్షలయ్యేదాకా హాస్టల్లోనే ఉంటాను. ఈ ఇంట్లో మగవాళ్ళు ఎవరి బట్టలు వాళ్ళు ఉతుక్కుంటారు, విమల నెత్తిన పడెయ్యకుండా. అందుకు కావలసిన ఓపిక దేవుడు వాళ్ళకివ్వాలని నా మనవి."

"ఆమెన్," అన్నారు మామగారు. "ఆమెన్," అన్నాడు శుభాకర్. అత్తగారూ, సుందర్ రాజూ అన్నారు, పిల్లలూ అన్నారు.

తర్వాత ఒక్కొక్కరి కళ్ళే తెరుచుకున్నాయి.

"ఏటీ? ఏటన్నావు?" అన్నాడు శుభాకర్. తండ్రి వైపు తిరిగాడు. మామగారు బైబిలు మీద చెయ్యి పెట్టుకుని, ఎటు చూడాలో తెలియక గోడ వైపు చూస్తున్నారు.

"ఆమెనయిపోయింది కదా అన్నయ్యా," అన్నాడు సుందర్ రాజ్, నీరసంగా.

విమల మాత్రం అప్పటిదాకా నోరు విప్పలేదు. కళ్ళు పూర్తిగా తెరిచి, నన్నే చూస్తూ, ఒక్కో అక్షరం విడివిడిగా వినబడేట్టు తనూ అంది:

"ఆమెన్."