తొమ్మిది రోజుల ఇంజన్ పని

యలహంక దాటాక ఇంజన్ చప్పుడు మారింది. లోపల ఎక్కడో ఇనుము ఇనుమును గీరుతున్నట్టు వినిపించింది. ఓబులేశు వేడి చూపించే ముల్లు వైపు చూశాడు. అది ఎర్ర గీత దాటి, ఇంక పోవడానికి చోటు లేక ఆగిపోయింది.

వ్యాను వెనక, సీట్లు పీకేసిన చోట, అతని చెల్లెలి మొగుడు బాలరాజు బొంత మీద పడుకుని ఉన్నాడు. కళ్యాణదుర్గం పక్కన ఉన్న తమ పల్లెలో, ఆ పొద్దున ఎండిన బావిని లోతు చేస్తుంటే గట్టు విరిగి అతని మీద పడింది. నడుము దాకా రాళ్లలో కూరుకుపోయిన మనిషిని బయటికి తీయడానికి పదిమందికి రెండు గంటలు పట్టింది. అనంతపురంలో కట్లు కట్టి, సెలైన్ పెట్టి, బెంగళూరు తీసుకుపొమ్మని కాగితం రాసిచ్చారు. ఆ పూట అంబులెన్సు దొరకలేదు. "నా బండి ఉండాది కదా" అన్నాడు ఓబులేశు. అది 2003, ఏప్రిల్ నెల.

చెల్లెలు నేత్రావతి మొగుడి తలను ఒడిలో పెట్టుకుని, ఒక చేత్తో సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని కూర్చుంది. పెనుకొండలో ఒకసారి, బాగేపల్లిలో ఒకసారి ఓబులేశు బండి ఆపి రేడియేటర్లో నీళ్లు పోశాడు. చిక్కబళ్లాపురం దగ్గర మూడోసారి ఆపబోతుంటే బాలరాజుకు వణుకు మొదలైంది.

"నిలపాకన్నా! నిలపాక! ఈయప్ప వణుకుతాండాడు!" అని నేత్రావతి అరిచింది.

ఓబులేశు ఆపలేదు.

హెబ్బాళ చెరువు కనబడుతుండగా ఇంజన్ ఒక్కసారి గట్టిగా కొట్టుకుని బిగుసుకుపోయింది. క్లచ్ తొక్కి బండిని రోడ్డు పక్కకు జారనిచ్చాడు. ఇంజన్ మూత సందుల్లోంచి ఆవిరి లేచింది. అతను రోడ్డు మధ్యకు పోయి రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. ఆటోలు ఆగాయి, లోపలికి తొంగి చూసి వెళ్లిపోయాయి. కాళ్లు మడవలేని మనిషిని ఆటోలో ఎట్లా ఎక్కించడం? ముప్పావు గంట తర్వాత ఒక కూరగాయల టెంపో డ్రైవరు ఆగి, మూటలు ఒకపక్కకు నెట్టి చోటిచ్చాడు. పెద్దాసుపత్రి చేరేసరికి బాలరాజుకు స్పృహ లేదు.

*

ఆ టెంపో డ్రైవరే కలాసిపాళ్యంలో మెకానిక్ ఫయాజ్ షెడ్డు చూపించాడు. మరుసటి రోజు వ్యానును తాడు కట్టి అక్కడికి లాగించారు. షెడ్డు నుంచి ఆసుపత్రికి నడిచిపోవచ్చు.

ఫయాజ్‌కు యాభై దాటి ఉంటాయి. అమ్మది చింతామణి ఊరు కావడంతో తెలుగు బాగానే వచ్చు. ఇంజన్‌ను గొలుసు కప్పీతో పైకెత్తి కిందికి దించి, హెడ్డు విప్పి, బ్యాటరీ లైటు లోపలికి వేసి చూశాడు.

"నాలుగు పిస్టన్లూ పట్టేసినాయప్పా. గోడలంతా గీరుకొని పోయిండాది. మొత్తం విప్పి మళ్లీ కట్టాల. లేదంటే పాత ఇనుము కింద తూకానికి పోతుంది."

"కడదామన్నా. ఈ బండి లేకుంటే మాకేమీ లేదు."

ఫయాజ్ తల ఊపి రేడియేటర్ గొట్టం ఊడదీశాడు. అడుగున మిగిలిన నీళ్లు అరచేతిలో పట్టి వెలుతురులోకి తెచ్చాడు. పసుప్పచ్చగా ఉన్నాయి. వేలితో రుద్ది వాసన చూశాడు.

"ఈ పసుపు ఎవురు వేసింది?"

ఓబులేశు "నేనే" అన్నాడు.

రేడియేటర్ కారుతుంటే అందులో పసుపు వేస్తే చిల్లు కొన్నాళ్లు మూసుకుంటుంది. డ్రైవర్లందరికీ తెలిసిన చిట్కా అది.

"ఎన్ని దినాలాయె?"

"నెల. పైనే."

"మార్చలేదా?"

"రేపు, ఎల్లుండి అనుకుంటా ఉంటి. ఊరి చుట్టూ తిరిగేదానికి సరిపోతా ఉండె. దినం తెల్లారి ఒక బిందె నీళ్లు పోస్తే మళ్లీ రాత్రి దాకా పోయేది." ఆగి, "మా చెల్లెలోళ్లకు తెలీదన్నా" అన్నాడు.

ఫయాజ్ చేతిలోని నీళ్లు నేల మీద పారబోసి పాత గుడ్డతో తుడుచుకున్నాడు. "నాతో పని చేసేవాడు ఊరికి పోయినాడు. నువ్వు చెయ్యి కలిపితే బేగ అవుతుంది" అన్నాడంతే.

*

మూడో రోజు బాలరాజు ఎడమ కాలు తీసేశారు. నలిగిన కండల్లోంచి విషం రక్తంలో కలిసి మూత్రపిండాలు ఆగిపోయాయనీ, మిషన్‌తో రక్తం శుభ్రం చేస్తున్నామనీ చెప్పారు. ఆ వార్డు నర్సు మార్తది గుంటూరు వైపు. తెలుగు వినబడగానే నేత్రావతి ఆమె చెయ్యి పట్టుకుని, డాక్టర్లు చెప్పిందంతా మళ్లీ ఒకసారి చెప్పించుకునేది.

ఓబులేశు పొద్దున్నే ఆసుపత్రికి పోయి చెల్లెలికి ఇడ్లీ ఇచ్చి, పది గంటలకు షెడ్డుకు వచ్చేవాడు. విప్పిన ప్రతి ముక్కనూ డీజిల్ పోసిన రేకు తట్టలో వేసి బ్రష్షుతో రుద్దేవాడు. ఏళ్ల తరబడి పేరుకున్న మసి గోళ్లకింద చేరింది. సాయంత్రం రోగుల్ని చూడనిచ్చే వేళకు కిరసనాయిలుతో, తర్వాత సబ్బుతో ఎంత కడుక్కున్నా పోయేది కాదు.

"అన్నయ్యా, ఆ చేతులతో పేషెంటును ముట్టుకోకండి" అని మార్త ఆ మసి మొదట చూసినప్పుడే చెప్పింది. అప్పటినుంచి అతను మంచం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు.

నాలుగో రోజు బాలరాజు తెలివిలోకి వచ్చాడు. మొహం వాచిపోయి కళ్లు సన్నటి గీతల్లా ఉన్నాయి. కాలి సంగతి అతనికి అప్పటికే తెలుసు. దాన్ని గురించి ఎత్తలేదు.

"బావా, బండి ఎంతవరకు వచ్చె?"

"విప్పేసినాం. లేత్ షాపుకు ఇచ్చినాం. లోపల గోడలన్నీ కోసి నున్నగా చేసిస్తారు. కొత్త పిస్టన్లు వేయాల."

"రేడియేటరు?"

ఓబులేశు "కొత్తది వేస్తాండాం" అన్నాడు.

"బావిలో రాళ్లు తీసినారా?"

"ఇప్పుడు బావి ఏంటికప్పా?"

"కింద మెత్తన తగిలింది బావా. గునపం దిగిపోతా ఉండె. ఇంకా రెండు మట్ల లోతు తోడితే నీళ్లు పడతాయి. మా వాళ్లకు చెప్పు, మూసేయొద్దని." అంత మాట్లాడేసరికే అలసిపోయి కళ్లు మూసుకున్నాడు.

ఆరోజు వార్డు బయట మార్త మందుల ట్రే పట్టుకుని పోతుంటే ఓబులేశు అడ్డం నిలబడ్డాడు.

"అమ్మా, ఒకటి అడగాల. దోవలో బండి నిలిచిపోయి ముప్పావు గంట పోయింది. ఆ ముప్పావు గంట ముందొచ్చింటే కాలు మిగిలేదా? ఆ మూత్రపిండాలు..."

మార్త ట్రేను గోడ పక్క బల్ల మీద పెట్టింది.

"అబద్ధం చెప్పలేనన్నయ్యా. అలా నలిగినప్పుడు ప్రతి గంటా ముఖ్యమే. కానీ ఆ ముప్పావు గంట వల్లే ఇలా అయిందని ఏ డాక్టరూ చెప్పలేడు. కాదనీ చెప్పలేడు. మీకు తేలదు అది."

కాదు అంటుందనుకున్నాడు. పోనీ, ఔననైనా అంటుందనుకున్నాడు. ఆమె ట్రే తీసుకుని లోపలికి పోయాక చాలాసేపు ఆ బల్ల దగ్గరే నిలబడ్డాడు.

*

ఆరో రోజు ఇంజన్ బ్లాకు లేత్ షాపు నుంచి తిరిగొచ్చింది. పిస్టన్లు ఆడే నాలుగు గుంతలూ అద్దాల్లా మెరుస్తున్నాయి. ఫయాజ్ వాటి లోపల నూనె రాసి, కొత్త పిస్టన్లకు రింగులు తొడగమన్నాడు. రింగు పెళుసుగా ఉంటుంది, ఎక్కువ విప్పితే విరుగుతుంది. మొదటిది ఓబులేశు చేతిలో టక్కున విరిగింది.

"పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?"

"తింటిని."

"తినలేదు." ఫయాజ్ లోపలికి పోయి రెండు పరోటాలు తెచ్చి పేపరు మీద పెట్టాడు. ఓబులేశు తినేదాకా ఎదురుగా కూర్చున్నాడు. "ఇది చూడప్పా. నేను కూడా ఒకసారి బ్రేకు సరిగా బిగించకుండా బండి పంపించినా. వాడు బతికినాడు. నా అదృష్టం, అంతే. నా పనితనం కాదు. పోయి మీ చెల్లెలికి చెప్పు. ఇది కడుపులో పెట్టుకొని తిరగలేవు నువ్వు."

"బాలరాజు లేచి కూచోనీ. అప్పుడు చెప్తా."

ఎనిమిదో రోజుకు ఇంజన్ వ్యానులోకి ఎక్కింది. హెడ్డు బిగించడం, గొట్టాలు తగిలించడం మిగిలాయి. అదే రోజు బాలరాజుకు జ్వరం నూట నాలుగు దాటింది. తెగిన కాలి దగ్గర పట్టిన చీము రక్తంలోకి పోయిందన్నారు. నేత్రావతి గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. అన్న వచ్చినా తల ఎత్తలేదు.

తొమ్మిదో రోజు పొద్దున ఏడు గంటలకు బాలరాజు చనిపోయాడు. ఓబులేశు ఇడ్లీ పొట్లంతో మెట్లెక్కుతుంటే మార్త ఎదురొచ్చి అక్కడే ఆపి చెప్పింది.

షెడ్డుకు కబురు ఎవరు చేర్చారో ఓబులేశుకు తెలియదు. కాగితాల పని ముగిసి, పదకొండు గంటలకు ఆసుపత్రి వెనక గేటు దగ్గరకు వస్తే, వ్యాను అక్కడ నిలబడి ఉంది. మిగిలిన పనంతా ఫయాజ్ ఒక్కడే ముగించి తోలుకొచ్చాడు. వెనక నేల మీద ఊక పరిచి, దాని మీద ఐసు గడ్డలు పేర్చి, పైన కొత్త చాప వేసి పెట్టాడు. ఇద్దరూ కలిసి బాలరాజును ఎక్కించారు.

"ఒక మాట వినప్పా" అన్నాడు ఫయాజ్, తాళం ఇస్తూ. "లోపల అంతా కొత్తది. ఒకదానికొకటి అలవాటు కావాల. మొదటి వెయ్యి కిలోమీటర్లు నలభై దాటించొద్దు. దాటిస్తే మళ్లీ పట్టేస్తుంది. ఐసు కరిగిపోతుందని తొందర పడొద్దు. బాగేపల్లిలో ఐసు దొరుకుతుంది."

*

రోడ్డు మీద ఆ వ్యానును లారీలు, బస్సులు, చివరికి స్కూటర్లు కూడా దాటిపోయాయి. వాటి డ్రైవర్లు వెనకనుంచి హారన్లు కొట్టి, పక్కకు వచ్చి లోపలికి చూసి, నోరు మూసుకుని ముందుకు పోయారు. వేడి ముల్లు సగం కూడా ఎక్కలేదు. ఇంజన్ మెత్తగా, ఒకే శ్రుతిలో తిరుగుతోంది. అంత బాగా అది ఎప్పుడూ తిరగలేదు. ఓబులేశుకు ఆ చప్పుడు వినడమే కష్టంగా ఉంది.

దేవనహళ్లి దాటాక నేత్రావతి మొదటిసారి నోరు విప్పింది.

"ఏమన్నా, బండి ఇంత నిదానం? తొందరగా పోలేదా?"

"పోతాది. పోనీకూడదు. కొత్త ఇంజన్."

తర్వాత వెనకనుంచి ఆమె గొంతు వచ్చింది. తనతో తాను మాట్లాడుకుంటున్నట్టుంది.

"ఆ పొద్దు నువ్వు నీళ్లు పోసేదానికి నిలపబోతివి. నేనే నిలపొద్దని అరిస్తిని. నేను నోరు మూసుకొనుంటే బండి నిలిచిపోయేది కాదు. నేనే చేసుకుంటినన్నా. నేనే."

ఓబులేశు బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు. ఇంజన్ ఆపలేదు. వెనక్కి తిరిగి చూడకుండా, స్టీరింగు మీద చేతులు పెట్టుకునే చెప్పాడు.

"నువ్వు కాదు నేత్రా. రేడియేటరు నెల నుంచి కారతా ఉండె. నాకు తెలుసు. పసుపు వేసి తిప్పుతా ఉంటి. ఆ పొద్దు నువ్వు అరవకున్నా అది ఎక్కడో ఒకచోట నిలిచిపోయేదే. తెలిసే నా బండి ఉండాది అంటిని."

వెనక ఐసు కరిగిన నీళ్లు తలుపు సందులోంచి రోడ్డు మీద పడుతున్న చప్పుడు వినబడింది. ఆమె గొంతులో ఏడుపు లేదు.

"తొమ్మిది దినాలు నేనే చంపుకుంటినని అనుకుంటా గోడకు కూచుంటిని. నువ్వు దినం వచ్చి ఇడ్లీలు ఇచ్చి పోతా ఉంటివి. ఒక్క మాట చెప్పలేకపోతివా?"

"చెప్పల్ల అనుకుంటి..."

"చాలు. ఆయప్ప ముందర గొడవ వద్దు. నడుపు."

బాగేపల్లిలో ఐసు మార్చారు. ఆమె దిగలేదు. పొద్దు వాలే వేళకు పల్లె చేరారు. ఇంటి ముందు జనం. బాలరాజును దించడానికి ఓబులేశు చెయ్యి వేయబోతే నేత్రావతి "వేరేవాళ్లు పట్టుకోండప్పా" అంది. అందరికీ వినబడింది. అతను పక్కకు జరిగాడు.

పదకొండో రోజు కర్మకు పోతే అతనికి చాప వేశారు, అన్నం పెట్టారు. చెల్లెలు మాత్రం ఇంట్లోంచి బయటకు రాలేదు. ఆ వారంలోనే బాలరాజు అన్నదమ్ములు రాళ్లు తీయకుండానే బావి పూడ్చేశారు. మూసేయొద్దని బాలరాజు చెప్పిన మాట ఓబులేశు వాళ్లకు చెప్పాడు. "నువ్వు చెప్తాండావా మాకు?" అన్నాడు పెద్దవాడు. ఓబులేశు తిరిగొచ్చేశాడు.

మరుసటి ఏడాది శనక్కాయ విత్తే రోజుల్లో, ఒక పొద్దున నేత్రావతి అతని వాకిట్లోకి వచ్చి నిలబడింది. చేతిలో ఒక సంచి, దాంట్లో కాగితాలు.

"అనంతపురంలో ఆఫీసుకు పోవల్ల. బస్సు పోయింది. బండి బాగుండాదా?"

"బాగుండాది."

"మూత తియ్యి. చూస్తా."

ఓబులేశు ఇంజన్ మూత ఎత్తి, రేడియేటర్ మూత తిప్పి చూపించాడు. నీళ్లు నిండా ఉన్నాయి. ఆమె వంగి చూసింది. వేలు ముంచి, రంగు చూసుకుంది. నూనె కడ్డీ కూడా తీయమంది. తీశాడు. అదీ చూసి, కొంగుకు వేలు తుడుచుకుని, ముందు సీటు ఖాళీగా ఉన్నా వెనక ఎక్కి కూర్చుంది.